విశాఖ రేవులో సెంచూరియన్

తెరచాపల యుద్ధనౌక సొగసంతా పరుగులోనే ఉంటుందంటారు. గాలితో నిండి ఉబ్బిన చాపలు, నురుగు చిమ్మే ముక్కు, వెనకాల తెల్లని జాడ! కాదనను. సముద్రానికి దూరంగా కొండకింద ఉండేవాణ్ణి, చదువుకునే మురవాలి. అయినా ఇంగ్లీషు యుద్ధనౌక సెంచూరియన్ దగ్గర నా మనసు దోచింది పరుగు కాదు, ఒక్క మలుపు.

1804 సెప్టెంబరు 15. విశాఖ రేవు. లంగరు మీద ఏభై ఫిరంగుల సెంచూరియన్, దాని కాపుదలలో బార్నబీ, ప్రిన్సెస్ షార్లెట్ అనే రెండు వర్తకపు ఓడలు. ముప్పై ఏళ్ల పాత ఓడ! 1774లో హార్విచ్‌లో నీళ్లు తాకింది. అమెరికా యుద్ధం చూసింది. 1794లో మారిషస్ దగ్గర ఫ్రెంచివాళ్లతో తలపడింది. మరుసటేడు ట్రింకోమలీ ముట్టడిలో ఉంది. ఆ ఉదయం కెప్టెన్ లిండ్ ఒడ్డున ఉండగా, ఫ్రెంచి నౌకాధిపతి లినువా వచ్చిపడ్డాడు. 74 ఫిరంగుల మారెంగో, తోడు అటలాంట్, సెమియాంట్. ఒకటికి మూడు!

లెఫ్టినెంటు ఫిలిప్స్ లంగరు మోకు నరికించాడు. పై చాపలు విచ్చుకున్నాయి. బ్రహ్మోత్సవాల్లో మాడవీధి మూలన మహారథం తిరుగుతుంది చూడండి, వేల చేతులు మోకు పట్టి లాగుతుంటే ఒక్క క్షణం కదలదేమోనని ఊపిరి బిగబట్టి, అంతలో అంత బరువూ ఒయ్యారంగా ఒరిగి దారికొస్తుంది! అలా తిరిగింది ఆ కొయ్య కొండ. తిరిగిన పక్కనుంచి నిప్పులు కురిసింది. ఆహా, ఆ వయసులో ఆ నడుము తిప్పు! ఆ పైన ఒడ్డు వైపు జరిగి, అలలు విరిగే చోటికి ఇవతలే మళ్లీ లంగరు దించుకుంది. మారెంగో అంతటిది ఆ లోతు తక్కువ నీళ్లలోకి రాలేదు. ఒకసారి అడుగు తగిలించుకుని తప్పుకుంది కూడా. లిండ్ పడవలో వచ్చి చేరుకున్నాడు. ఒడ్డు మీది ఫిరంగులూ గొంతు కలిపాయి. మోకులు తెగి, చాపలు చిల్లులు పడి, సెంచూరియన్ మాత్రం జెండా దించలేదు.

బార్నబీ ఒడ్డుకు కొట్టుకుని బద్దలైంది, ప్రిన్సెస్ షార్లెట్ ఫ్రెంచివాళ్ల పాలైంది. లెక్క చూసేవాళ్లు లినువాదే లాభమంటారు, అననీయండి. దక్కాల్సిన అసలుది దక్కక, ఆయన నడిసముద్రానికి మళ్లిపోయాడు. రెండేళ్లు తిరక్కముందే మారెంగో ఇంగ్లీషువాళ్ల చేతికే చిక్కింది.

సెంచూరియన్ చివరి రోజులు కెనడాలోని హాలిఫాక్స్ రేవులో గడిచాయి. కట్టేసిన చోటే 1824లో మునిగింది. పైకి లాగి మరుసటేడు విడగొట్టేశారు. మోకు నరుక్కుని నిప్పుల్లోకి తిరిగిన ఓడకు కట్టుతాళ్ల మధ్య చావా! ఆ పుట దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు ఒళ్లుమంటే.