‘ఇచ్చు’ క్రియకు రెండు కర్మలు: మన వ్యాకరణ బోధనలో ఒక వెలితి

భౌతికశాస్త్రం చెప్పుకొనేవానికి ఇంగ్లీషు వ్యాకరణంతో పనేమిటని పాఠకులు అడగవచ్చు. పని ఉన్నది. మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతాల ఉన్నత పాఠశాలలలో చదివి కళాశాలకు వచ్చే విద్యార్థుల ప్రయోగ రికార్డులను నేను ఏటా దిద్దుతూ ఉంటాను. ‘డెమాన్‌స్ట్రేటెడ్ అస్ ది ఎక్స్‌పెరిమెంట్’ అని రాసినచోట ఎర్ర సిరాతో ‘టు’ చేర్చి వాక్యాన్ని సరిచేస్తాను. ఒకనాడు ఒక విద్యార్థి నిలబడి, “టెల్ మి తప్పు కాదు, షో మి తప్పు కాదు. ఎక్స్‌ప్లెయిన్ మి మాత్రం ఎందుకు తప్పు సార్?” అని అడిగాడు. నాకు వెంటనే సమాధానం తోచలేదు. “వాడుక అంతే” అన్నాను. ప్రయోగశాలలో నిలబడి చెప్పవలసిన మాట కాదది.

ఆ సాయంత్రం వ్యాకరణాలు తిరగవేశాను. మన పాఠశాలలలో తరతరాలుగా వాడుకలో ఉన్న రెన్, మార్టిన్‌ల వ్యాకరణం ‘గివ్, ఆస్క్, ఆఫర్, ప్రామిస్, టెల్’ వంటి క్రియలకు రెండు కర్మలు ఉంటాయనీ, పుచ్చుకొనే వ్యక్తిని తెలిపేది పరోక్ష కర్మ అనీ, వస్తువును తెలిపేది ప్రత్యక్ష కర్మ అనీ చెప్పుతుంది. చెప్పినంతవరకు అది నిజమే. దానిని అనుసరించే గైడ్లు కూడా అయిదారు క్రియలు చూపి ‘మొదలైనవి’ అని ముగిస్తాయి. చిక్కంతా ఆ ‘మొదలైనవి’ అనే మాటలోనే ఉన్నది. అందులో ఏవి చేరుతాయో, ఏవి చేరవో తెలియని విద్యార్థి ‘టెల్’కు పోలికగా ‘ఎక్స్‌ప్లెయిన్’ను కూడా చేర్చుకొంటాడు. అతడు చేసినది తర్కవిరుద్ధమైన పని కాదు. మనం ఇచ్చిన నియమం అసంపూర్ణం.

ముందుగా మన భాషను చూద్దాము. ‘హనుమంతుడు సీతకు ఉంగరం ఇచ్చాడు’ అనే వాక్యంలో క్రియను చివర ఉంచి, మిగిలిన మూడు పదాలను 6 విధాల మార్చవచ్చు. ‘సీతకు ఉంగరం హనుమంతుడు ఇచ్చాడు’ అన్నా, ‘ఉంగరం హనుమంతుడు సీతకు ఇచ్చాడు’ అన్నా పుచ్చుకొన్నది సీతయే. ‘కు’ అనే ప్రత్యయం ఆమెను అంటిపెట్టుకొని ఉన్నది. ఇంగ్లీషులో ‘హనుమాన్ గేవ్ సీతా ది రింగ్’ అనే వాక్యంలో సీతకు ఏ ప్రత్యయమూ లేదు. క్రియకు వెంటనే నిలిచిన స్థానమే ఆమెకు గుర్తు. పేర్లు తారుమారు చేసి ‘సీతా గేవ్ హనుమాన్ ది రింగ్’ అంటే కథే తలక్రిందులవుతుంది. సీత ఇచ్చినది చూడామణి గదా!

ఇక్కడ పరిభాష గురించి ఒక మాట. ‘గివ్’ను మనవారు ‘ద్వికర్మక క్రియ’ అని చెప్పడం పరిపాటి. కాని ఆ పేరు పుట్టిన సంస్కృతంలో ‘ఇచ్చు’ అనే అర్థమిచ్చే ధాతువు ద్వికర్మకం కాదు. పాణిని పుచ్చుకొనేవానికి ‘సంప్రదానం’ అని వేరే పేరు పెట్టి చతుర్థీ విభక్తిని విధించాడు. అడుగుట, యాచించుట, పాలు పిదుకుట వంటివి అక్కడి ద్వికర్మకాలు. తెలుగులోనూ ‘నాకు పుస్తకం ఇచ్చాడు’ అంటాము గాని, ‘నన్ను ప్రశ్న అడిగాడు’ అంటాము. ‘గివ్’, ‘ఆస్క్’ రెండింటినీ ఒకే గాటకట్టిన పాఠం మన పిల్లలకు తెలిసిన ఈ భేదాన్ని వాడుకోకుండా వదలివేస్తున్నది.

మరి ఇంగ్లీషుకు ‘కు’ వంటి ప్రత్యయం ఎన్నడూ లేదా? ఉండేది. వేయి సంవత్సరాల నాటి ఇంగ్లీషులో చతుర్థీ విభక్తికి ప్రత్యేక రూపాలుండేవి. నేటి ‘హిమ్’ ఆనాడు ‘అతనికి’ అనే అర్థంలో వాడిన రూపమే. ‘అతనిని’ అనడానికి ‘హినె’ అనే వేరొక రూపం ఉండేది. ‘హూమ్’ కూడా అటువంటి చతుర్థీ రూపమే. కాలక్రమాన ప్రత్యయాలు అరిగిపోయాయి. వాటి పని కొంత పదక్రమానికి, కొంత ‘టు’ వంటి విడిమాటలకు సంక్రమించింది. అందువల్లనే నేడు రెండు వాక్యరీతులు పక్కపక్కన ఉన్నాయి: ‘గేవ్ హిమ్ ఎ బుక్’, ‘గేవ్ ఎ బుక్ టు హిమ్’.

ఈ రెండూ ఒకటేనని మన పుస్తకాలు చెప్పి, ఒకదానిని మరొకదానిగా మార్చే అభ్యాసాలు ఇస్తాయి. ఇది రెండవ లోపం. ‘మా అత్తకు పార్సిలు పంపాను’, ‘మాచర్లకు పార్సిలు పంపాను’ అనే రెండు వాక్యాలలోనూ మనకు ‘కు’ ఒక్కటే. ఇంగ్లీషులో ‘సెంట్ మై ఆంట్ ఎ పార్సెల్’ అనవచ్చును గాని, ఊరును ఉద్దేశించి ‘సెంట్ మాచర్ల ఎ పార్సెల్’ అనడం పొసగదు. అత్త పార్సిలును పుచ్చుకొంటుంది. ఊరు కేవలం గమ్యం. అనగా రెండు కర్మల వాక్యంలో మొదటి కర్మ వస్తువును పొందేదిగా ఉండాలి. ఇది మొదటి షరతు. ‘మాచర్ల’ అనే మాటకు అక్కడి కార్యాలయమని అర్థం చెప్పుకొంటే వాక్యం మళ్లీ నిలబడుతుంది. నియమం అర్థాన్ని అనుసరించి ఉన్నదనడానికి ఇంతకంటె నిదర్శనమేమి కావాలి?

రెండవ షరతు క్రియ పుట్టుకకు సంబంధించినది. గివ్, టెల్, షో, సెండ్, టీచ్, లెండ్ అనేవి ఇంగ్లీషుకు మొదటినుంచి ఉన్న పొట్టి మాటలు. ఎక్స్‌ప్లెయిన్, డిస్క్రైబ్, సజెస్ట్, డెమాన్‌స్ట్రేట్ అనేవి లాటిన్ నుంచి తెచ్చుకొన్నవి. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన తరువాత ఫ్రెంచి, లాటిన్ పదాలు ఇంగ్లీషులోకి విస్తారంగా వచ్చాయి. అవి సాధారణంగా ‘టు’ రీతికే కట్టుబడ్డాయి. మాట్లాడేవారికి ఈ చరిత్ర తెలియదు. మాట పొడుగునూ, ఊనికనూ బట్టి వారి చెవి దానిని గుర్తిస్తుంది. ఆఫర్, ప్రామిస్ లాటిన్ మూలం గలవైనా మొదటి అక్షరం మీద ఊనిక ఉన్నందున స్వదేశీ మాటలవలె నడుస్తాయి.

దీనిని ప్రయోగం ద్వారా కూడా పరీక్షించారు. జెస్ గ్రోపెన్, స్టీవెన్ పింకర్, వారి సహచరులు 1989లో ‘లాంగ్వేజ్’ అనే పత్రికలో ఒక పరిశోధనను ప్రకటించారు. భాషలో లేని క్రియలను కల్పించి, ఇంగ్లీషు మాతృభాషగా గలవారి ముందుంచారు. ఆ క్రియలను వారు అంతకు ముందెన్నడూ వినలేదు. అయినా వాటి పొడుగును, పుచ్చుకోవడమనే అర్థాన్ని గమనించి, రెండు కర్మల వాక్యంలో వాటికి చోటున్నదో లేదో తీర్పు చెప్పారు.

ఈ షరతులకు మినహాయింపులు లేకపోలేదు. ‘సే’ పొట్టిదే, అయినా ‘సే మి’ అనరు. ‘అసైన్’ బయటినుంచి వచ్చినదే, అయినా రెండు కర్మలను తీసుకొంటుంది. ఇక ‘బై’, ‘మేక్’, ‘కుక్’ వంటి క్రియలు విడదీసినప్పుడు ‘టు’ కాక ‘ఫర్’ను కోరుతాయి. ‘నాకు చొక్కా కొన్నాడు’ అనే వాక్యంలోని ‘కు’ను చూసి ‘బాట్ ఎ షర్ట్ టు మి’ అని రాసే విద్యార్థి ఇక్కడే జారిపడుతున్నాడు. మినహాయింపులున్నవని నియమాన్నే దాచిపెట్టడం న్యాయం కాదు. వాయువులు అధిక పీడనం వద్ద బాయిల్ సూత్రాన్ని తప్పుతాయని ఆ సూత్రాన్ని మనం చెప్పడం మానుకొన్నామా?

కర్మణి ప్రయోగంలో కూడా జాగ్రత్త అవసరం. ‘ఐ వాజ్ గివెన్ ఎ బుక్’ అనే వాక్యాన్ని మాటకు మాటగా దించితే ‘నేను పుస్తకం ఇవ్వబడ్డాను’ అవుతుంది. వినేవారికి నన్నే ఎవరికో దానమిచ్చినట్లు తోస్తుంది! ‘నాకు పుస్తకం ఇచ్చారు’ అంటే చాలును.

విమర్శించి ఊరుకోవడం తగదు కనుక ఉపాధ్యాయ మిత్రులకు ఒక సూచన. విదేశీ విద్యార్థుల ఇబ్బందిని జపానులో బోధిస్తూ కళ్లారా చూసిన ఎ. ఎస్. హార్న్‌బీ, 1954లో ప్రచురించిన గ్రంథంలో ఇంగ్లీషు క్రియలను 25 వాక్యరీతులుగా విభజించి చూపాడు. ఆయన నిఘంటువు సంప్రదాయంలో వచ్చినవి నేటికీ ఏ క్రియ ఏ రీతిలో నడుస్తుందో చెప్పుతాయి. కొత్త క్రియ తటస్థించినప్పుడు విద్యార్థి చేత మూడు ప్రశ్నలు వేయించండి. పుచ్చుకొనేవారు ఉన్నారా, లేక గమ్యం మాత్రమేనా? క్రియ పొట్టిదా, పొడుగుదా? విడదీస్తే ‘టు’ వస్తుందా, ‘ఫర్’ వస్తుందా? సందేహం తీరకపోతే నిఘంటువు చూడమనండి. ఉదాహరణలు ఎక్కడో వెతకనక్కరలేదు. సాగర్ కుడి కాలువ పొలాలకు నీరు ఇవ్వడం, రైతు యార్డుకు మిర్చి పంపడం, తల్లి బిడ్డకు జొన్నరొట్టె చేయడం ఈ మూడు ప్రశ్నలకూ సరిపోతాయి.

నన్ను ప్రశ్న అడిగిన విద్యార్థికి మరునాడు ఈ సంగతులు చెప్పాను. అతడు కాసేపు ఆలోచించి, “అయితే నేను ఊరికే తప్పు చేయలేదన్నమాట” అన్నాడు. అవును, ఊరికే చేయలేదు. తప్పు వెనుక ఉన్న కారణాన్ని చూపకుండా ఎర్ర సిరా వాడినంతకాలం మార్కులతోపాటు పిల్లవాడి ధైర్యాన్ని కూడా తగ్గించినవారమవుతాము.