అటక, ఆటు, అట్టకం: కాశీపూర్ దారిలో ఒక పదవిచారం

ఇంటి కప్పు మీద విడిగా వేసిన గదిని తెలుగులో ఏమంటారు? మేడ, మిద్దె, డాబా అనే జవాబులు వెంటనే వస్తాయి. మన ద్విభాషా నిఘంటువులు కూడా తరచు వీటిని పర్యాయపదాలుగానే చూపుతూ వచ్చాయి. కాని నిదానించి చూస్తే వీటిలో ఒక్కటీ గది పేరు కాదు.

మేడ ఎత్తును చెప్పే మాట. మెట్ట, మిట్ట, తమిళంలోని మేడు, మేడై దానికి చుట్టాలు. మిద్దె, డాబా కప్పు తీరును చెబుతాయి. రాయలసీమలో మొదటిది ఎక్కువ, కోస్తాలో రెండోది. మట్టి పరచిన సమతలపు కప్పుకు మరాఠీలో ఉన్న ధాబే మన డాబాకు అతి దగ్గరి మాట. తెలంగాణలో పైఅంతస్తుకు వాడే బంగ్లా బెంగాలు పేరు మీద ఏర్పడిన పదం. దాని తొలి అర్థం అక్కడి వాలుకప్పు ఇల్లు. కనుక గదిని చెప్పాలంటే ‘మేడమీద గది’, ‘డాబామీద గది’ అని రెండు మాటలు కలపవలసిందే. చంద్రశాల ఉన్నది కదా అనవచ్చు. అది కావ్యభాషకే పరిమితమైంది. పైగా వాస్తుచరిత్రకారులు దానిని గుర్రపునాడా ఆకారపు గవాక్షానికి కూడా వాడతారు.

నిజానికి కప్పుమీది గది పేరు మన ఇళ్ళలోనే ఉంది. కాకపోతే అది కప్పు కిందికి దిగింది. సంస్కృతంలో అట్టం కావలిబురుజు. అర్థశాస్త్రంలోని అట్టాలకం కోటగోడ మీది బురుజు. అట్టకం కప్పుమీది గది. పాళీలో అట్టక అంటే గుంజల మీదో చెట్టు మీదో కట్టిన కావలి తట్టు, అంటే మన మంచె వంటిది. ఈ అర్థాలను వరుసగా పెడితే మాట నడిచిన దారి తెలుస్తుంది. ముందు కాపలా కాసే ఎత్తు, తరువాత ఇంటిమీది గది, చివరకు ధాన్యం, పాత సామాను దాచే చోటు, మన అటక. కన్నడంలో అట్ట ఇదే. సంస్కృత గ్రంథాల్లో కనిపించినంత మాత్రాన మాట అక్కడే పుట్టిందని తీర్మానించడానికి వీలులేదు.

ఈ విషయం పరీక్షించడానికి కాశీపూర్ మంచి చోటు. 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాజధానిలో ఉన్న కోరాపుట్ ప్రాంతానికి భిన్నంగా కాశీపూర్ కలహండి సంస్థానపు నేల. 1962లో దానిని కోరాపుట్ జిల్లాలో చేర్చారు. 1992లో రాయగడ జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది. కనుక ఇక్కడి తెలుగును కచేరీ భాషగా కాక సంత భాషగానే చూడాలి. దాని పక్కన ఒడియా, కువి ఉన్నాయి. కువిలో ఇంటి పేరు మన ఇల్లే. ఒడియాలో గడ్డికప్పు కింద కర్రలు పరచి మట్టి మెత్తిన తట్టును ఆటు అంటారు. కప్పు అంటుకున్నా కింది గదిని, గింజలను అది కాపాడుతుంది.

ఆటు నుంచి అటక వచ్చిందా? ధ్వనులు ఒప్పుకోవు. హత్థ ఒడియాలో హాత అయింది, భత్త భాత అయింది. ద్విత్వం పోయినప్పుడు ముందు అచ్చు దీర్ఘమవుతుంది. అట్ట ఆటు కావడంలో ఉన్నదీ అదే. తెలుగు అటకలో ద్విత్వం పోయినా అచ్చు హ్రస్వంగానే నిలిచింది. చివర ‘క’ కూడా మిగిలింది. కనుక ఇవి తల్లీబిడ్డలు కావు, దాయాదులు. ఇక ఇంగ్లీషు అటిక్‌తో అటకకు ఉన్న పోలిక కేవలం కాకతాళీయం. అది గ్రీసు దేశపు అటికా పేరుతో, అక్కడి శిల్పరీతి ద్వారా వచ్చింది. పెంట్‌హౌస్ కథ ఇంకా వింత. పాత ఫ్రెంచిలో గోడకు ఆనించిన పంచ అని అర్థమిచ్చే మాటకు ‘హౌస్’ను జనమే తగిలించారు. నేల మీది పంచ ఇరవయ్యో శతాబ్దంలో భవనం నెత్తికెక్కింది. మన మాట దిగింది, వారి మాట ఎక్కింది.

ఈ విచారం కేవలం పండితవినోదం కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయ పదాలతో ఆరంభించిన మాండలిక వృత్తిపదకోశాల వరుసలో బూదరాజు రాధాకృష్ణ గృహనిర్మాణ పదాలను కూర్చారు. ఆ పద్ధతి సరిహద్దు అవతలి తెలుగుకు కూడా కావాలి. మేడకు ఎదురుగా మిద్దె అని రాసి ఊరుకునే ఆరోపం ఇంటి నిర్మాణాన్నే చెరిపేస్తుంది. ఏ ఊరి మాట, ఏ రకం కప్పు, అక్కడ ఏమి దాస్తారు అన్న మూడు వివరాలు లేనిదే అర్థం పూర్తికాదు.

వ్యవధి కూడా తక్కువ. ప్రభుత్వ గృహపథకాలతో కొండ ఊళ్ళలో సైతం గడ్డికప్పులు పోయి సిమెంటు కప్పులు వస్తున్నాయి. వానకు, నిప్పుకు అవి మేలే, ఎవరూ కాదనరు. అయితే ఆ కప్పు కింద ఆటుకు పని లేదు, అటకకు చోటు లేదు. పట్నాల్లో వంటగది గోడకు పోసిన పలకకు అటక పేరైనా మిగిలింది. కాశీపూర్ వంటి చోట ఆ పాటి పలక కూడా లేకపోతే పేరు పట్టుకు వేలాడడానికి వస్తువే ఉండదు. పని ఆగిపోతే ‘అటకెక్కింది’ అంటాం. పదసేకరణ అటకెక్కితే, ముందుతరం వారికి ఈ జాతీయం వినిపిస్తుంది గాని ఏమి ఎక్కిందో, ఎక్కడికెక్కిందో తెలియదు.