మిల్లీమీటరులో నూరోవంతు

ఎక్కుడు ఎక్కేటప్పుడు బండి వెనక నీలం పొగ లేస్తోందన్నా, పెట్రోలుతో పాటు ఆయిలు కూడా తాగుతోందన్నా మన మెకానిక్కులు చెప్పే మాట ఒక్కటే: "ఇంజను బోరుకొచ్చింది సార్." ఆ మాట చెవినబడ్డాక ప్రీమియర్ పద్మిని ఉన్నవాళ్లలో ఎక్కువమంది దాన్ని పాతసామాన్ల వాడికి తూకానికి వేసేస్తారు. మిగిలిన కొద్దిమందీ ఆదివారం పొద్దున్నే షెడ్డు దూలానికి చైన్ పుల్లీ కట్టి ఇంజను దింపుతారు. ఈ నాలుగు మాటలూ వాళ్లను మెచ్చుకోడానికే రాస్తున్నాను. నిష్పక్షపాతంగా రాస్తానని మాత్రం మాటివ్వను. నేను ఫియట్ పక్షం. అంబాసిడర్ అభిమానులు ఈ పేజీ తిప్పేసినా నొచ్చుకోను.

చరిత్ర రెండు ముక్కల్లో చెబుతాను. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పెట్టారు. ఇటలీ ఫియట్ 1100 కుర్లా కర్మాగారంలో తయారై, 1964లో 'డిలైట్' అయింది, ఓ ఏడాది 'ప్రెసిడెంట్' అనిపించుకుంది, 1974 నుంచి 'పద్మిని'గా స్థిరపడింది. బొంబాయిలో ఆఖరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరు చివర్లో రోడ్డు దిగింది. ఇంజను 1089 సీసీ, నాలుగు సిలిండర్లు, నలభై గుర్రాల బలం. ఇప్పటి స్కూటీ పిల్లలకు ఆ అంకె నవ్వు తెప్పిస్తుంది.

నవ్వేవాళ్లు ఈ ఇంజను వంశం తెలుసుకోవాలి. 68 మిల్లీమీటర్ల బోరు, 75 మిల్లీమీటర్ల స్ట్రోకు అన్న ఈ కొలత 1937 నాటి ఫియట్ 508సీ నుంచి వస్తోంది. ఎంజో ఫెరారీ సొంతంగా కట్టిన మొట్టమొదటి కారు పేరు 815. దాని ఎనిమిది సిలిండర్ల ఇంజనుకు కొత్తగా అల్యూమినియం బ్లాకు పోయించారు గానీ, పైన కూర్చున్నవి రెండు 508సీ హెడ్లే. అలాంటివి రెండు కార్లు 1940 మిల్లె మిలియా రేసులో దిగాయి, ఒకటి నడిపినవాడు అల్బెర్టో అస్కారి. రెండూ మధ్యలోనే ఆగిపోయాయనుకోండి, అది వేరే సంగతి. పారిస్‌లో అమెదే గొర్దినీ అనే ఇటలీవాడు ఇదే ఫియట్‌కి ఫ్రెంచి రూపమైన సిమ్కాల మీద పనిచేసి 'మాంత్రికుడు' అని పేరు తెచ్చుకున్నాడు. ఫాంజియో అంతటివాడు 1948లో యూరప్‌లో తొలిసారి రేసుకు దిగింది గొర్దినీ కార్లోనే. న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియంలో శిల్పంలా నిలబెట్టిన సిసిటాలియా 202 ఉంది చూశారూ, దాని బానెట్ కింద ఉన్నదీ 1100 ఇంజనే. బెజవాడ వన్‌టౌన్ సందుల్లో టమాటా బుట్టలు మోసిన బండికి ఇంత గొప్ప చుట్టరికం ఉంది!

ఇక పనిలోకి. ఇంట్లోనే ఇంజను కట్టడమంటే అన్నీ ఇంట్లోనే అని కాదు. బోరు వేయడానికీ, క్రాంకు గ్రైండింగుకీ, హెడ్ ఫేసింగుకీ లేత్ షాపుకు వెళ్లక తప్పదు. ఇంట్లో జరిగేదల్లా విప్పడం, కడగడం, కొలవడం, బిగించడం. షాపులో మేస్త్రి వెనక ఇంకో మూడు బళ్లు కాసుకుని ఉంటాయి, ఓనరు ఫోను మోగుతూ ఉంటుంది. షెడ్డులో ఆ తొందర లేదు. ఒక వాల్వు సరిగా కూర్చోలేదనిపిస్తే రాత్రి భోంచేసి వచ్చి మళ్లీ రుద్దుకోవచ్చు. ఇంటి పనికి ఉన్న విలువంతా ఆ తీరికలోనే ఉంది.

విప్పేటప్పుడే చేతివాటం బయటపడుతుంది. తెలిసినవాడు ముందు ఒక అట్టముక్కకు ఎనిమిది చిల్లులు పొడిచి, పుష్‌రాడ్లు ఏ వరసలో బయటికొచ్చాయో అదే వరసలో గుచ్చి పెడతాడు. బేరింగు షెల్లు, ట్యాపెట్టు, బోల్టు ఏదైనా ఎక్కడిది అక్కడికే వెళ్లాలి. ఏళ్ల తరబడి ఒకదానికొకటి ఒరుసుకుని కుదురుకున్న జతలవి. అన్నీ ఒకే డబ్బాలో కిరోసిన్ పోసి నానబెట్టేవాణ్ణి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

తర్వాత కొలత. సిలిండరు అంతటా ఒకేలా అరగదు. పై రింగు తిరిగి కిందికి మళ్లే చోట ఎక్కువ అరిగి, గోటికి తగిలేంత గట్టు ఏర్పడుతుంది. పిస్టను పక్కలకు నెట్టే దిక్కున అరిగి గుండ్రం కాస్తా కోలగా మారుతుంది. అందుకే పైన, నడుమ, కింద, ఒక్కోచోట రెండు దిక్కుల్లో, నాలుగు సిలిండర్లకూ కలిపి ఇరవైనాలుగు కొలతలు కాగితం మీద పడాలి. డయల్ గేజి ఉంటే సరే. విజయవాడ ఆటోనగర్లో నాకు తెలిసిన ఓ మేస్త్రి గేజి ముట్టుకోడు. పాత రింగు ఒకటి తీసుకుని సిలిండరులో పెడతాడు, బోర్లించిన పిస్టనుతో మెల్లగా కిందికి నొక్కుతాడు, రింగు సమతలంగా కూర్చుంటుంది. రింగు రెండు కొసల మధ్య సందులో ఫీలర్ గేజి ఆకులు ఒక్కొక్కటే దూర్చి చూస్తాడు. ఆకు వదులుగా పోకూడదు, పట్టి పట్టి జారాలి. అడుగున అరుగుదల లేనిచోట ఒక కొలత, పైన గట్టు కింద ఇంకో కొలత. రెంటి తేడాను మూడుతో భాగిస్తాడు. "పైన ముప్పై పాయింట్లు ఎక్కువుంది సార్. అంటే బోరు పది పాయింట్లు అరిగింది" అంటాడు. ఆయన పాయింటంటే మిల్లీమీటరులో నూరోవంతు. చుట్టుకొలతలో తేడాను 'పై'తో భాగిస్తే వ్యాసంలో తేడా వస్తుందని మనం స్కూల్లో చదువుకున్న లెక్కే అది. "మరి 'పై' అంటే మూడు కంటే కాస్త ఎక్కువ కదా మేస్త్రిగారూ?" అని అడిగాను. "ఆ కాస్తా హోనింగులో పోద్ది" అన్నారు. నేను గేజితో సరిచూశాను. ఆయన లెక్కకు తేడా రాలేదు. ఇలాంటివాళ్ల చేతికి ఏ డిగ్రీ సాటి?

బోరు వేయించే ముందే పిస్టన్లు కొనాలి, వాటిని మైక్రోమీటరుతో కొలవాలి, ఆ కొలతకు తగినట్టు బోరు వేయించాలి. బోరు వేయించేసి పిస్టన్లు వెతుక్కోవడం ముహూర్తం పెట్టుకుని సంబంధం చూసుకోవడమే. బోరు అయ్యాక హోనింగు గీతలు వజ్రాకారంలో, అడ్డంగా నిలువుగా కాక ఏటవాలుగా పడాలి. ఆ గీతల్లో నిలిచే ఆయిలే రింగులను బతికిస్తుంది. అద్దంలా మెరిసే సిలిండరు చూసి మురిసిపోయేవాడికి పని తెలియదని అర్థం. కొత్త రింగు సందు ఈ బోరుకు పాతిక పాయింట్ల చుట్టుపక్కల ఉండాలి. తక్కువైతే వేడికి సాగి కొసలు గుద్దుకుని రింగు విరుగుతుంది. సన్నటి ఆకురాయితో, బయటి అంచు నుంచి లోపలికి ఒకే దిక్కున రాయాలి.

ఇప్పుడు అసలు సరదా, బలం పెంచడం. బోరు పెంచితే సీసీ పెరుగుతుందని అందరూ ఎగబడతారు. లెక్క వేసి చూడండి: 68ని 69 చేస్తే 1089 కాస్తా 1122 సీసీ అవుతుంది. ముప్పైమూడు సీసీల కోసం సిలిండరు గోడ పలచన చేసుకున్నట్టు. ఫలితం బోరులో లేదు, హెడ్‌లో ఉంది. ఒక్కో సిలిండరు 272 సీసీ. కంప్రెషను ఏడున్నర ఉందనుకుందాం, అప్పుడు పైన గదిలో 42 సీసీల చోటు ఉన్నట్టు. దాన్ని ఎనిమిదిన్నర చేయాలంటే 36 కావాలి. అంటే తగ్గించాల్సింది ఆరు సీసీలు, చెంచాడు నీళ్లకు కాస్త ఎక్కువ! అంతమాత్రానికే బండి పికప్ మారిపోతుంది. హెడ్‌ను బోర్లా తిప్పి, వాల్వులు బిగించి, గాజుపలకకు గ్రీజు రాసి మూసి, పలకకున్న చిన్న చిల్లులోంచి సిరంజితో కిరోసిన్ పోస్తూ ఒక్కో గది ఎంత పడుతుందో రాసుకోవాలి. నాలుగూ సమానంగా ఉండవు, కర్మాగారం వాళ్లకు అంత ఓపిక ఎక్కడిది? తక్కువ పట్టేదాన్ని సన్నగా గీరి అన్నిటినీ సమం చేశాకే ఫేసింగుకు పంపాలి. ఎక్కువ కోయించకండి. హెడ్ కిందికి దిగితే పుష్‌రాడ్లు ఆ మేరకు పొడుగైనట్టే, రాకర్ స్తంభాల కింద పలచటి షిమ్ములు వేయాల్సొస్తుంది.

అదే ఓపికతో పోర్టుల్లో పోతపోసినప్పుడు మిగిలిన గరుకుతనం తీయడం, గాస్కెట్ చిల్లుకూ మానిఫోల్డు చిల్లుకూ అంచులు కలపడం, వాల్వులకు పేస్టు రాసి చేత్తో రుద్దడం. కిరోసిన్ పోసి తెల్లారేదాకా ఉంచినా వాల్వు కింద చుక్క దిగకపోతే పని అయినట్టు. కనెక్టింగ్ రాడ్లను బంగారం తూచే కాటాలో తూచి, బరువున్నదాన్ని తేలికైనదానికి సమంగా గీరేవాళ్లు ఉన్నారు. అలా కట్టిన పద్మిని ఒకటి నేను నడిపాను. ఐడిల్‌లో రేడియేటరు మీద రూపాయి బిళ్ల నిలబెడితే పడలేదు. అతిశయోక్తి అనుకునేవాళ్లు అనుకోండి.

ఈ పనికి పరాకాష్ట చూడాలంటే న్యూజిలాండ్ వెళ్లాలి. ఇన్వర్‌కార్గిల్ ఊళ్లో బర్ట్ మన్రో అనే ఆయన 1920లో అమెరికా 'ఇండియన్ స్కౌట్' మోటారుసైకిలు కొన్నాడు. దాని పరుగు గంటకు 88 కిలోమీటర్లు. షెడ్డులో పాత డబ్బాలు మూసలుగా పెట్టి పిస్టన్లు పోశాడు, ట్రాక్టరు ఇరుసు చెక్కి కనెక్టింగ్ రాడ్లు చేశాడు. ఆ ఆరొందల సీసీ బండిని తొమ్మిదొందల యాభైకి పెంచి, 1967లో, అరవైఎనిమిదేళ్ల వయసులో, అమెరికా బోన్‌విల్ ఉప్పుమైదానంలో 296 కిలోమీటర్ల వేగం కొట్టాడు. మనకు దగ్గర్లో కోయంబత్తూరు కరివర్ధన్ మారుతి 800 ఇంజను పెట్టి ఫార్ములా మారుతి కార్లు కట్టాడు. నరైన్ కార్తికేయన్ లాంటివాళ్లు ఆ కార్లతో ఎదిగినవాళ్లే. ఆయన 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. ఆ లోటు ఇంకా తీరలేదు.

ఇంత చెప్పాక ఇప్పటి స్థితి చెప్పకపోతే నిజాయితీ కాదు. మార్కెట్లో ఒరిజినల్ పేరుతో అట్టపెట్టెలో వచ్చే పిస్టన్లు నాలుగు తూచండి, నాలుగు బరువులు. రింగులు వెయ్యి కిలోమీటర్లకే చతికిలబడతాయి. నాకు తెలిసినవాళ్ల బండికి ఒక షాపులో 'ఫుల్ ఓవరాలింగ్' అని బిల్లు వేశారు. విప్పి చూస్తే బ్లాకుకు వెండి రంగు, వాల్వు కవరుకు ఎర్ర రంగు, లోపల పాత రింగులే! ఇది మోసం. దీనికి ఇంకో పేరు లేదు. ఇంకొందరు ఘనులు పద్మినిలో ఎక్కడిదో డీజిలు ఇంజను కుక్కి 'అప్‌గ్రేడ్' అంటారు. గేరుబాక్సు మోయలేదు, బ్రేకులు ఆపలేవు, ఆర్సీలో ఉన్న ఇంజనుకూ బండిలో ఉన్న ఇంజనుకూ పొంతన ఉండదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పదని వాళ్లకూ తెలుసు. అంబాసిడర్ వాళ్లు దీనికి మొదటినుంచీ అలవాటుపడ్డారు, కంపెనీయే ఇసుజు ఇంజను పెట్టి అమ్మింది కదా. మనకెందుకా తెగులు?

ప్రభుత్వం తన వంతు తను చేస్తోంది. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుము 2022లో ఆరొందల నుంచి ఐదువేలకు ఎగబాకింది. 2000లో దేశమంతా సీసం లేని పెట్రోలు వచ్చినప్పుడు ఎగ్జాస్టు వాల్వులకు గట్టి సీట్లు వేయించుకోవాల్సొచ్చింది. ఇప్పుడు ఇరవై శాతం ఇథనాలు కలిపిన పెట్రోలుకు కార్బురేటరు రబ్బర్లూ, పెట్రోలు పంపు డయాఫ్రమూ ఉబ్బి చెడతాయి. ఇథనాలుకు తట్టుకునే రకం వేయించుకుని, జెట్టు ఒక సైజు పెంచుకుంటే బండి నడుస్తుంది. ఇదేం పెద్ద సమస్య కాదు.

పెద్ద సమస్య వేరే ఉంది. ఆటోనగర్లో క్రాంకు గ్రైండింగు యంత్రాలు ఒక్కొక్కటే పాత ఇనుముకి పోతున్నాయి. కొత్త కార్లకు ఇంజను చెడితే మొత్తం మార్చేస్తున్నారు, బోరు వేయించేవాడే లేడు. మేస్త్రి కొడుకు హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తున్నాడు, తప్పు పట్టలేం. కానీ ఆయన బుర్రలో ఉన్న కొలతలన్నీ ఎవరు రాసిపెడతారు? పాలిటెక్నిక్ ఆటోమొబైల్ విద్యార్థులను ప్రాజెక్టు పేరుతో నెలరోజులు ఆ షాపుల్లో కూర్చోబెట్టమని ప్రిన్సిపాళ్లను అడుగుతున్నాను. పద్మిని ఉన్నవాళ్లను ఇంకోటి అడుగుతున్నాను. మీ బీరువాలో పాత ప్రీమియర్ వర్క్‌షాప్ మాన్యువల్ ఉంటే రెండు జిరాక్సులు తీయించి, ఒకటి మీ ఊరి బోరింగు షాపులో ఇవ్వండి. మీ ఇంజనుకు ఈసారి ఏ సైజు బోరు వేశారో, క్రాంకు ఎంత తగ్గించారో దాని వెనక పేజీలో తేదీ వేసి రాయించుకోండి.