చేప కన్నా ముందు నీళ్లు

బెట్టా చేపకు తొట్టి అమర్చడమంటే గాజు, గులకరాళ్లు సర్దడం కాదు, నీళ్లను సాకడం. నిజామాబాదులోనైనా బోధన్‌లోనైనా ఈ పని బాగా తెలిసినవాళ్లు చేపను చివర్న కొంటారు. ముందు నల్లా నీళ్లలో క్లోరిన్ విరుగుడు కలిపి, ఫిల్టర్ నడిపి, రోజూ చిటికెడు మేత వేస్తూ, అది కుళ్లితే వచ్చే అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా కుదురుకునేదాకా 4 నుంచి 6 వారాలు ఆగుతారు. ఆ ఓపికే ఈ పనిలోని అసలు నేర్పు.

థాయిలాండ్ వరిమళ్లలో బతికే చేపకు సీసా చాలదా అని అడిగేవాళ్లున్నారు. బెట్టా పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది, నిజమే. అయితే ఆ శక్తి దాన్ని తన విసర్జనలోని అమ్మోనియా నుంచి కాపాడలేదు. నిజాంసాగర్ కాలువ కింది పొలాలు చూసినవాళ్లకు తెలుసు: మడిలో లోతు తక్కువైనా విస్తీర్ణం ఎక్కువ, మట్టీ మొక్కలూ నీటిని శుభ్రం చేస్తాయి. సీసాకు ఆ సాయం లేదు. అందుకే 20 లీటర్ల తొట్టి, నెమ్మదిగా పారే ఫిల్టర్, దూకకుండా మూత, చలికాలపు రాత్రుల్లో 25 డిగ్రీలు నిలిపే హీటర్, వారానికోసారి పావువంతు నీటి మార్పు కావాలి. ఖర్చంటారా? ప్లాస్టిక్ కోటలు మానేయండి, హీటర్ కొనండి.