జాడీ మార్చే ముందు

కొత్తది వచ్చిందంటే పాతది పనికిరాదని ఎవరు తీర్మానించారో తెలీదు గానీ, ఆ తీర్మానం మాత్రం మన ఇళ్ళలో గట్టిగానే అమలవుతోంది. కిరసనాయిలు స్టవ్వు పోయి గ్యాసు వచ్చింది, మంచిదే. రోలు పోయి గ్రైండరు వచ్చింది, మన భుజాలు బతికాయి. ఆ మార్పుల వల్ల ఆడదానికి ఒరిగిందేమిటో ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. కానీ నిక్షేపంలా పనిచేస్తున్న వస్తువుని పట్టుకుని “నీకు కాలం చెల్లింది” అనడం ఈమధ్య వచ్చిన మర్యాద. కంప్యూటర్ల విషయంలో ఈ మర్యాద మరీ ముదిరింది.

2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్టు కంపెనీ విండోస్ 10కి తన మద్దతు ఆపేసింది. దాంతో “విండోస్ 11కి మారాలా, వద్దా?” అన్న ప్రశ్న ఇళ్ళల్లోకి వచ్చిపడింది. పిల్లల చదువుకనో, అమెరికాలో వున్న కూతురి మొహం చూడ్డానికనో, కరెంటు బిల్లు కట్టడానికనో కొన్న పెట్టెలు గుంటూరు బ్రాడీపేటలోనూ వున్నాయి, ఒంగోలు లాయరుపేటలోనూ వున్నాయి. దీనికి జవాబు ఇంజనీర్లే చెప్పాలని ఏమీ లేదు. నేను చదివింది బి.ఏ., రాసేది నవలలు. అయితేనేం? వంట రానివాళ్ళు కూడా ఉప్పెక్కువైందని చెప్పగలరు, నాలుకంటూ వుంటే చాలు. అంచేత కొత్తగా వచ్చిన నవలని ఎలా చూస్తామో దీన్నీ అలాగే చూద్దాం.

ఇంతకీ ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటి? కంప్యూటరులో అది ఇంటి ఇల్లాలి లాంటిది. ఏ డబ్బా ఏ అరలో వుందో, ఎవరి పని ముందో, వీధి తలుపు తట్టినవాణ్ణి లోపలికి రానివ్వాలో వద్దో అన్నీ ఆవిడే చూడాలి. ఇల్లు సవ్యంగా జరుగుతున్నంతకాలం ఆవిడొకర్తె వుందని ఎవరికీ గుర్తు రాదు. మద్దతు ఆపేశారంటే ఆవిడ రాత్రికి రాత్రి మంచం పట్టిందని కాదు. తలుపులుంటాయి, తాళాలుంటాయి. తాళంలో కొత్తగా ఏదైనా లోపం బయటపడితే బాగుచేసేవాడు రాడు, అంతే.

ముందు కథ సంగతి. 2015లో విండోస్ 10 వచ్చిన రోజుల్లో ఆ కంపెనీ ఉద్యోగి ఒకాయన ఒక సభలో ఇదే చిట్టచివరి విండోస్ అన్నాడు. ఇక కొత్త అంకెలుండవు, దీనికే మెరుగులు దిద్దుకుంటూ పోతారు అని లోకమంతా చెప్పుకుంది. 2021 అక్టోబరులో విండోస్ 11 రానే వచ్చింది! వారపత్రికల సీరియల్స్ మీద పెరిగిన మనకి ఇలాంటివి తెలియనివి కావు. “సమాప్తం” అని వేసేసి, పై వారం హీరోయిన్‌కి కవల చెల్లెలు దొరికిందని మళ్ళీ మొదలుపెడితే ఎడిటరుగారికి ఎన్ని ఉత్తరాలు రాసేవాళ్ళం! ఇక్కడ ఉత్తరాలు రాయడానికి చిరునామా కూడా దొరకదు.

ఇక పెళ్ళిచూపుల సంగతి. కొత్త విండోస్ ఏ పెట్టెని పడితే ఆ పెట్టెని వరించదు. జాతకంలో టి.పి.ఎం. 2.0 వుండాలి. అది రహస్యపు తాళంచెవులు దాచుకునే భాగం. ప్రాసెసరు సుమారుగా 2017 తరువాత పుట్టినదై వుండాలి. కనీసం 4 జీబీ మెమరీ, 64 జీబీ చోటు కావాలి. ఆఖరి రెండూ డబ్బుతో సర్దుకునేవే. మొదటి రెండూ కుదరకపోతే మాత్రం కంపెనీ ఆ పెట్టెని తన లెక్కలోకి తీసుకోదు. ఇదంతా భద్రత కోసమే అన్నారు. అది అబద్ధమేమీ కాదు. కానీ భద్రత పేరుతో ఇంకా ఐదేళ్ళు పనిచెయ్యగల యంత్రాన్ని చెత్తబుట్టకి అప్పగించమంటే, ఆ చెత్త ఎవరి వీధిలో పడుతుందో, ఆ డబ్బు ఎవరి చీటీపాట లోంచి వస్తుందో చెప్పవద్దూ? 2014 నుంచి ఆ కంపెనీకి పెద్ద మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ళగారు. గర్వపడదాం, తప్పులేదు. గర్వం దారి గర్వానిదే, విమర్శ దారి విమర్శదే.

మారలేనివాళ్ళకి ఒక ఏడాది గడువిచ్చారు – 2026 అక్టోబరు 13 దాకా. ముప్ఫై డాలర్లు కట్టాలి, లేదా మన సెట్టింగులన్నీ వాళ్ళ ఖాతాలో భద్రపరచడానికి ఒప్పుకోవాలి. యూరప్‌లో వినియోగదారుల సంఘాలు పేచీ పెట్టాక అక్కడివాళ్ళకి డబ్బు లేకుండానే ఇచ్చారు. నోరున్నవాడిదే రాజ్యమన్నమాట!

“అయితే మారనే వద్దు, పాతదే బంగారం” అంటారేమో, తొందరపడకండి. మన ఊరి కథే ఒకటుంది. 2017 మే నెలలో వన్నాక్రై అనే వైరస్సు దాదాపు 150 దేశాల్లో కంప్యూటర్లకి తాళాలు వేసి, ఫైళ్ళు కావాలంటే మూడువందల డాలర్లు తెమ్మంది. ఇంగ్లండులో ఆస్పత్రులు రోగుల్ని వెనక్కి పంపాయి. అదంతా ఎక్కడో సీమలో అనుకుంటూండగానే మన రాష్ట్ర పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ జిల్లాల జాబితాలో కృష్ణా, చిత్తూరు, విశాఖ, శ్రీకాకుళంతో పాటు గుంటూరు కూడా వుంది. దొంగల్ని పట్టుకునేవాళ్ళ ఇంట్లోనే దొంగలు పడ్డారు! ఇందులో బాధాకరం ఏమిటంటే ఆ కన్నం పూడ్చే మందు రెండు నెలల ముందే, మార్చిలోనే, విడుదలైంది. వేయించుకున్నవాళ్ళు బతికిపోయారు. కొత్తదాన్ని చూసి మూతి ముడుచుకోవడం ఒక్కటే తెలివి కాదని ఈ కథ చెబుతోంది.

ఇంతవరకూ చెప్పినవి ఏ దేశంవాళ్ళయినా వేసుకునే ప్రశ్నలే. తెలుగులో రాసుకునేవాళ్ళకి ఇంకో ప్రశ్న వుంది. నా దృష్టిలో అదే అసలు ప్రశ్న. పెట్టె మారితే మన అక్షరాలేమవుతాయి?

1990ల నాటి మామూలు కంప్యూటరుకి తెలుగు రాదు. మనవాళ్ళొక ఉపాయం పన్నారు. లోపల ఇంగ్లీషు అక్షరాల అంకెలనే వుంచి, పైకి తెలుగు బొమ్మలు తొడిగారు. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, వత్తు ఒక ముక్క. ముక్కలన్నీ అతికితే తెరమీద తెలుగు. అను, శ్రీలిపి లాంటి పేర్లు పత్రికాఫీసుల్లో, డి.టి.పి. షాపుల్లో పసిపిల్లలక్కూడా తెలుసు. ఆ ఉపాయమే లేకపోతే శుభలేఖ దగ్గర్నుంచి దినపత్రిక దాకా అంత తొందరగా కంప్యూటరు ఎక్కేవి కావు. వాళ్ళకి దణ్ణం పెట్టాల్సిందే. కానీ వేషం వేషమే. ఆ ఫాంటు లేని పెట్టెలో ఫైలు తెరవండి. తెనాలి నాటకంలో రాజుగారు తెరవెనక్కెళ్ళి కిరీటం తీసినట్టు, అర్థంలేని ఇంగ్లీషు ముక్కలు బయటపడతాయి. పైగా ఒక్కో ఫాంటుది ఒక్కో లెక్క. ఒకదాంట్లో రాసింది ఇంకోదాంట్లో చదవలేం.

దీనికి మందు ఎప్పుడో వచ్చింది. 1991లో వెలువడిన యూనికోడ్ లెక్కలో తెలుగుకి సొంత స్థలం ఇచ్చారు. ‘క’ అంటే ప్రపంచంలో ఏ యంత్రంలోనైనా 3093వ నెంబరే. వేషం కాదు, అసలు మనిషే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ ‘గౌతమి’ అనే తెలుగు ఫాంటుని వెంటబెట్టుకొచ్చింది. ఇప్పటి విండోస్‌లో ఆ గౌతమి కోరి పిలిస్తేనే వచ్చే చుట్టం. అదనపు ఫాంట్ల అరలోంచి దింపుకోవాలి. ఇంట్లో పుట్టిన పిల్లని చుట్టాన్ని చేశారేమిటని అడగాలనిపిస్తుంది. పోనీ, ఉచితంగా దొరికే ఫాంట్లకిప్పుడు కరువులేదు. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, గురజాడ, గిడుగు – ఇవన్నీ ఫాంట్ల పేర్లే. రాయలవారి కొలువంతా మన పెట్టెలోనే దీర్చుకోవచ్చు.

యూనికోడ్ వల్ల లాభమేమిటంటారా? ఆరొందల పేజీల నవలలో హీరోయిన్ మేనత్త పేరు ఎక్కడెక్కడ వుందో ఒక్క క్షణంలో వెతకొచ్చు. చూపు ఆనని అమ్మమ్మకి ఫోను చదివి వినిపిస్తుంది. అమెరికాలో మనవరాలు తన ఫోనులో అదే కథ చదువుకుంటుంది. పాత ఫాంటులో వున్న కథకి ఈ భాగ్యాలు లేవు.

అలాగని కొత్త యంత్రాలకి తెలుగు పూర్తిగా వచ్చేసిందని భ్రమపడకండి. 2018 ఫిబ్రవరిలో ఒక రకంగా కూర్చిన ‘జ్ఞా’ అక్షరం మెసేజీలో వస్తే ఐఫోన్లు తట్టుకోలేక పడిపోయాయి. జ్ఞానం భరించలేకపోయాయి పాపం! అదే నెలలో 11.2.6 అనే కొత్త వెర్షను ఇచ్చి ఆపిల్ కంపెనీవాళ్ళు దిద్దుకున్నారు. ఆ జబ్బూ ఆపరేటింగ్ సిస్టమ్‌దే, మందూ దాన్ని మార్చుకోవడమే. అందుకే మార్పుని గుడ్డిగా మెచ్చుకోలేం, గుడ్డిగా తిట్టనూ లేం.

మరి డి.టి.పి. షాపులవాళ్ళు ఎందుకు మారరు? బద్ధకమనుకుంటే అన్యాయం. 2001తో ఆఖరి వెర్షను వచ్చి ఆగిపోయిన పేజ్‌మేకరుని ఇంకా వదలని షాపులున్నాయంటే దానికి కారణముంది. అక్కడ కూర్చుని టైపు చేసేవాళ్ళలో చాలామంది ఆడపిల్లలు. పదో తరగతో ఇంటరో చదివి, ఏళ్ళ తరబడి ఒకే కీబోర్డు మీద వేళ్ళకి కళ్ళు తెప్పించుకున్నారు. నా నవలలు కొన్ని అలాంటి వేళ్ళ మీదుగా వచ్చినవే. ఆ అమ్మాయికి డబ్బు పేజీ లెక్కన. కీబోర్డు మార్చమంటే నాలుగు నెలలు సగం పేజీలే అవుతాయి, సగం డబ్బులే వస్తాయి. ఆ సగం ఎవరిస్తారు? కంపెనీ ఇవ్వదు, షాపు యజమాని ఇవ్వడు, పుస్తకం వేయించుకునే నాలాంటి రచయిత్రి కూడా ఇవ్వదు. “కాలంతో పాటు మారాలమ్మా” అని ఉపన్యాసం మాత్రం అందరం ఇస్తాం. మార్పు మంచిదే అయినా దాని ఖర్చు ఎప్పుడూ కింద కూర్చున్నవాళ్ళ చేతనే కట్టిస్తున్నాం. ఈ మొత్తం వ్యవహారంలో నాకు మింగుడుపడనిది ఇదే.

కొత్త రకాల విషయంలో మన ప్రాంతానికి బోలెడు అనుభవముంది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది, 2006లో బోల్‌గార్డ్-2 వచ్చింది. మొదట్లో కాయతొలిచే పురుగు తగ్గింది, మందుల ఖర్చు తగ్గింది. తరువాత గులాబీరంగు పురుగు దానికీ అలవాటు పడింది. విత్తనం మటుకు ఏటేటా కొనాల్సిందే. మన లాం ఫారం వాళ్ళిచ్చిన 334 మిరప అలా కాదు, జాగ్రత్తగా కట్టుకుంటే విత్తనం ఇంట్లోనే నిలుస్తుంది. కంప్యూటర్లలోనూ అలాంటి సొంత విత్తనముంది. దాని పేరు లినక్స్. ఎవరైనా తీసుకోవచ్చు, పంచుకోవచ్చు. హైదరాబాదులో ‘స్వేచ్ఛ’ అనే సంస్థవాళ్ళు దాన్ని తెలుగులోకీ తెచ్చారు. కొత్త విండోస్ వద్దన్న పాత పెట్టెలు చాలావరకు దాంతో హాయిగా నడుస్తాయి. లోటేమిటంటే, చెడితే బాగుచేసే కుర్రాడు మన వీధి చివర దొరకాలిగా! ఇంట్లో నేర్చుకునే ఓపికున్న పిల్లో పిల్లాడో వుంటే మాత్రం ఇది మంచి దారి.

ఏ రకమైనా సరే, తెలివైన రైతు కొత్త విత్తనం పొలమంతా చల్లడు. ముందు ఒక ఎకరంలో వేసి చూస్తాడు. మనమూ అంతే. ఇంట్లో రెండు పెట్టెలుంటే ఒకటి మార్చి చూడండి. బ్యాంకు లెక్కలు, పింఛను పనులు చేసే పెట్టెని మార్చడానికి వెనకాడకండి. అక్కడ పాత తాళం పనికిరాదు. ఉత్త టైపుకే వుంచుకున్న పెట్టెకి ఇంటర్నెట్టు తీసేస్తే అది మూలన కూర్చుని మరికొన్నాళ్ళు సేవ చేస్తుంది. దేన్ని మార్చినా ముందు మీ రాతలు, అమ్మ చెప్పి రాయించిన పాటలు, నాన్నగారి ఉత్తరాల నకళ్ళు, అన్నీ యూనికోడ్‌లోకి మార్పించుకోండి. మార్చే ప్రోగ్రాములు వత్తులు మింగేస్తాయి, అంచేత ఒకసారి కళ్ళతో చదివి చూసుకోవాలి. రెండు వేరువేరు చోట్ల నకలు పెట్టండి. ఆ మార్చిపెట్టిన అమ్మాయికి పేజీకి పదిపైసలు తక్కువ చేద్దామని బేరమాడకండి.

కొత్త జాడీ తెచ్చినంత మాత్రాన పండుమిరప పచ్చడి వున్న పాత జాడీని ఏ ఇల్లాలూ వీధిలో పెట్టదు. కొత్తదాన్ని కడుగుతుంది, ఎండబెడుతుంది, తడి లేకుండా తుడుస్తుంది. పచ్చడి మార్చి, పైన నూనె తేలిందో లేదో చూసుకున్నాకే పాతదాని సంగతి ఆలోచిస్తుంది. జాడీలమ్మేవాడు తొందరపెడితే పెట్టనివ్వండి. పచ్చడి మనది.