పింగాణి పళ్ళెం: గుర్తింపు, విలువ నిర్ణయం – ఒక పరిశీలన

తెలుగు వాడుకలో ‘పింగాణి’ విస్తృతార్థం గల పదం. చైనా నుంచి వచ్చిన పలుచని పళ్ళెం, ఇంగ్లండులో తయారైన మట్టి పళ్ళెం, ఊరగాయ జాడీ అన్నీ అందులోనే ఒదుగుతాయి. ఇంటి అవసరానికి ఈ పదం చాలు. చేతితో చిత్రించిన పాత పళ్ళేల విలువ నిర్ణయానికి మాత్రం చాలదు. పదం కలిపేసిన భేదాలను వివరణ విడదీయాలి.

మొదటి భేదం పనితనానిది. కుంచె గీత వెడల్పు మారుతుంది. రంగు ఒకచోట చిక్కగా, మరొకచోట పలుచగా నిలుస్తుంది. ఒకే వరుసలోని రెండు పళ్ళేల పూలు అచ్చంగా ఒకేలా ఉండవు. 18వ శతాబ్ది మధ్యలో ఇంగ్లండులో వ్యాపించిన అచ్చు పద్ధతిలో సన్నని చెక్కుడు గీతలు, చుక్కలు, అంచు వద్ద కాగితపు అతుకు కనిపిస్తాయి.

రెండవ ఆధారం అడుగున ఉన్న ముద్ర. అయితే చైనాలో పూర్వ చక్రవర్తుల పాలనా ముద్రలను తరువాతి కాలాల పనివారూ వేశారు. కనుక ముద్ర ఒక్కటే కాలాన్ని నిర్ణయించదు.

మూడవది లభ్యస్థానం. పద్మనాభానికి సమీపాన ఉన్న భీమునిపట్నం ఒకప్పటి డచ్చివారి వర్తకస్థావరం. డచ్చి ఈస్టిండియా కంపెనీ చైనా, జపాను పింగాణిని పెద్దయెత్తున రవాణా చేసింది. ఈ రెండు వాస్తవాలను జోడించి, ఈ ప్రాంతపు ఇంట దొరికిన ప్రతి నీలిపళ్ళేన్నీ ‘డచ్చివారి కాలపుది’ అనడం తర్కదోషం. ఆ పళ్ళెం ఆ ఇంటికి ఎలా చేరిందో చెప్పగలిగేది తరచుగా ఇంటి పెద్దల జ్ఞాపకమే. అమ్మకంతో పళ్ళెం చేతులు మారుతుంది. జ్ఞాపకం వెంట వెళ్ళదు. అందువల్ల ధర కట్టడానికి ముందే ఆ కథనాన్ని నమోదు చేయడం పరిశోధకుల బాధ్యత.