నిఘాలో ఉన్నవాడి వైపు నుంచి

కోకా సుబ్బారావు గారి పేరు చెప్పగానే న్యాయవాదులకు గోలక్‌నాథ్ తీర్పు గుర్తొస్తుంది. ఆ రాజమండ్రి మనిషి పనితనం చూడాలంటే మాత్రం నేను 1962 డిసెంబరు 18న వెలువడిన ఖరక్ సింగ్ కేసు తీస్తాను. అందులో ఆయనది ఓడిపోయిన పక్షం. సుప్రీంకోర్టు ఆరుగురి ధర్మాసనంలో ఆయనతో నిలిచింది జె.సి. షా ఒక్కరే.

1941లో ఒక బందిపోటు కేసులో ఖరక్ సింగ్‌ను పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేశారు గానీ హిస్టరీ షీటు తెరిచారు. ఉత్తరప్రదేశ్ పోలీసు నిబంధనల్లో 236వది నిఘాకు ఆరు మార్గాలు చెప్పింది: ఇంటి దగ్గర రహస్య కాపలా, రాత్రివేళ ఇంటి తనిఖీలు, అలవాట్లు, స్నేహాలు, రాబడి, ఖర్చుల మీద వాకబులు, రాకపోకల మీద కన్ను, ఇంకా అలాంటివే. చౌకీదారు రాత్రిళ్లు తలుపు బాది, కేకలేసి నిద్ర లేపుతున్నాడని అతని మొర.

మెజారిటీ తీర్పు రాసిన రాజగోపాల అయ్యంగార్ రాత్రి తనిఖీలను కొట్టేశారు. మిగతావి ఉండనిచ్చారు. గోప్యత మన రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదన్నారు. ఇల్లు మనిషికి కోట అంటూనే, ఆ కోటను కాపాడే హక్కు మాత్రం లేదనడం! ఈ అతుకు ఎంత బలహీనమో సుబ్బారావు గారు కనిపెట్టారు.

మెజారిటీ నిబంధనను ఉపనిబంధనలుగా విడదీసి ఒక్కోదాన్నీ తూచింది. ఆయన విడదీయనివ్వలేదు. తనిఖీ, కాపలా, వాకబు అన్నీ ఒకే మనిషి మీద పడుతున్నాయి కాబట్టి వాటిని కలిపే చూశారు. ఇక రెండో పని నాకు మరీ ఇష్టం. రహస్యంగా చూస్తే ఎవరి నడకకూ అడ్డు లేదు కదా అన్న వాదనకు ఆయన సిద్ధాంతంతో జవాబివ్వలేదు. మనిషి ఊరికే కాళ్లు కదపడానికి బయటికి వెళ్లడు, వ్యాపారానికో, స్నేహితుల్ని కలవడానికో, ఆంతరంగికంగా మాట్లాడుకోవడానికో వెళతాడు అన్నారు. వెనక పోలీసు చూపు ఉంటే ఆ పని సాగదు. సంకెళ్లు ఒంటికే వేయనక్కర్లేదు, మనసుకు వేసినా చాలునని ఆయన వాదన. పోలీసు డైరీ ముందు కూర్చుని కాకుండా నిఘాలో ఉన్నవాడి పక్కన నిలబడి రాశారు.

చట్టపు కట్టుబడి కూడా గట్టిదే. సంచారం వంటి స్వేచ్ఛలిచ్చే 19వ అధికరణం తీసుకోగా మిగిలిందే వ్యక్తి స్వేచ్ఛను కాపాడే 21లో ఉంటుందన్న లెక్కను ఆయన ఒప్పుకోలేదు. రెండూ స్వతంత్రమైనవి, ఒకదాని మీదికి మరొకటి వస్తుందన్నారు. గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగమన్నారు. ఇక 236కి శాసనం ఆసరా లేదని, అది శాఖాపరమైన సూచనేనని తేలాక, ఆంక్ష సమంజసమా కాదా అన్న చర్చలోకి ఆయన దిగనే లేదు. చట్టం లేదు కాబట్టి నిఘా చెల్లదు, అంతే. అవసరం లేని మాట రాయకపోవడం కూడా పనితనమే. రేపు శాసనసభ ఇదే నిఘాకు చట్టం చేస్తే ఏమిటన్నది మాత్రం అలాగే మిగిలిపోయింది. అది చిన్న ప్రశ్నేమీ కాదు.

19, 21 అధికరణాలు ఒకదాని మీదికి మరొకటి వస్తాయన్న ఆయన దారిలోనే 1978లో మేనకా గాంధీ కేసు నడిచింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యతపై ఖరక్ సింగ్ మెజారిటీ చెప్పింది తప్పని తేల్చారు.

ఈ రెండు తీర్పుల మధ్యలో, ఇదే గోప్యత మీద, హైదరాబాద్ కేసు ఒకటుంది. స్టాంపుల చట్టం 73వ సెక్షన్‌ను ఆంధ్రప్రదేశ్ 1986లో సవరించి, కలెక్టరు అనుమతిచ్చిన ఏ వ్యక్తి అయినా బ్యాంకులో ఖాతాదారుల పత్రాలు తిరగేసి, స్వాధీనం చేసుకునేలా వీలిచ్చింది. కెనరా బ్యాంకు కోర్టుకెక్కింది. 2004లో సుప్రీంకోర్టు, హైకోర్టు తీర్పును నిలబెడుతూ, ఆ సవరణ చెల్లదంది. బ్యాంకుకిచ్చిన కాగితాల మీద ఖాతాదారుడికి గోప్యత మిగలదన్న అమెరికా మిల్లర్ తీర్పును అది అంగీకరించలేదు. గోప్యత మనిషిది, చోటుది కాదు కాబట్టి, కాగితం బ్యాంకు చేతిలో ఉన్నా రక్షణ దాని వెంటే వెళుతుందని నిర్ణయించింది.